మూలకు గీసిన ఇల్లు

మన సంస్థల్లో ఇటీవలి కాలంలో బాగా స్థిరపడిపోయిన మాటల్లో ఆర్ట్ థెరపీ ఒకటి. ఆశ్రయ గృహాలకు, బస్తీలకు, బాలికల హాస్టళ్లకు, వరదలొచ్చిన ఊళ్లకు మనం ఇప్పుడు తెల్లకాగితాలూ రంగుపెన్సిళ్లూ పట్టుకుని వెళ్తున్నాం. దాన్ని వ్యతిరేకించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నోటితో చెప్పుకోలేని బాధ గీతలోకి వస్తుందనీ, వచ్చాక మనిషి కాస్త తెరిపిన పడుతుందనీ నేను కళ్లారా చూశాను. నా అభ్యంతరం వేరు. పేద స్త్రీ గీసిన బొమ్మను మనం ఆమె చెప్పిన మాటగా కాక ఆమె జబ్బుకు లక్షణంగా చదువుతున్నాం. అలా చదివేసి, ఆ కాగితాన్ని మన ఆస్తి చేసుకుంటున్నాం. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే ఆ పని నేనూ చేశాను.

కొన్నేళ్ల కిందట తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని ఆశ్రయ గృహంలో ఆరు నెలల పాటు ఆర్ట్ థెరపీ కార్యక్రమం జరిగింది. దాని ఫలితాలను మూల్యాంకనం చేసే పని నాకు అప్పగించారు. అక్కడ ఇరవై మంది పైచిలుకు స్త్రీలుండేవారు. లంబాడీలు, మాదిగలు, ముస్లింలు, నేతపని చేసే కుటుంబాల వాళ్లు. మొగుడు తన్ని తరిమేసిన వాళ్లు కొందరు, దళారుల చేతుల్లోంచి బయటపడిన వాళ్లు కొందరు, కేసు పెట్టి ఊళ్లో ఉండలేక వచ్చిన వాళ్లు కొందరు. థెరపీ నడిపే అమ్మాయి వారానికి రెండు రోజులు నగరం నుంచి వచ్చేది. ఓపికగల పిల్ల, ఆ స్త్రీల పట్ల నిజమైన ప్రేమ ఉన్న పిల్ల. ఆమెను బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. ఆమె చేతికి ఒక గైడు ఇచ్చి పంపారు, ఆమె దాని ప్రకారం నడుచుకుంది.

మొదటి రోజు అందరినీ ఒక ఇల్లు, ఒక చెట్టు, ఒక మనిషి గీయమన్నారు. ముప్ఫై దాటిన ఒక మాదిగ స్త్రీ ఉండేది, వ్యవసాయ కూలీ. ఆమె చదువు రెండో తరగతితో ఆగిపోయింది. (ఈ సంగతులన్నీ ఆమెకు చదివి వినిపించి, ఆమె సరేనన్న తర్వాతే రాస్తున్నాను. ఊరు పేరు వద్దంది, రాయడం లేదు.) ఆమె కాగితానికి కింద, కుడివైపు మూలన, అగ్గిపెట్టెంత ఇల్లు గీసింది. కాగితం మధ్యలో ఒక నిలువు గీత, దాని మీద ఏటవాలుగా ఇంకో గీత. తక్కినదంతా ఖాళీ. చెట్టు లేదు, మనిషి లేదు.

గైడు ప్రకారం బొమ్మ చిన్నదైతే న్యూనతాభావం. మూలకు గీస్తే అభద్రత. మధ్యలో ఒంటరి నిలువు గీత అణచుకున్న కోపం. ఈ మూడూ ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలో రాసుకుంది. నేను నా నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. సోషియాలజీలో డాక్టరేట్ చేసి, కుల వ్యవస్థ మీద తరగతులు చెప్పినదాన్ని, ఒక మాదిగ స్త్రీ తన ఇల్లు కాగితం అంచున ఎందుకు పెట్టిందని ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు.

కొన్ని వారాల తర్వాత ఇంటిని నడిమధ్యన గీయమని ఆమెకు చెప్పారు. ఆమె అయోమయంగా చూసింది. "గాడనే ఉంటది మేడం మా ఇల్లు. నడిమిట్ల ఎట్లుంటది?" అంది. "ఇది నీ కాగితం. నీ ఇల్లు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు" అన్నది ఆ అమ్మాయి. వినడానికి ఎంతో బాగుంది. నాక్కూడా కళ్లు చెమర్చాయి. ఆరో నెల వచ్చేసరికి ఆమె ఇంటిని నడుమ గీసింది, పెద్దదిగా గీసింది, పైన పొద్దును కూడా గీసింది. ఆ రెండు పటాలనూ నా నివేదికలో 'ముందు', 'తర్వాత' అని పక్కపక్కన అచ్చు వేయించాను. కింద ఆత్మగౌరవం పెరిగిందని రాశాను. పేజీలో ఇమడడం కోసం మొదటి పటం అంచులు కొంత కత్తిరించారు. ప్రూఫు చూసింది నేనే. అభ్యంతరం చెప్పలేదు.

ఏడాది తర్వాత వేరే పని మీద కోర్టుకు వెళ్తే ఆవరణలో కనిపించింది. ఆమె ఆశ్రయ గృహానికి వచ్చింది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు వల్ల. ఎండాకాలం వాడలో నీళ్లు లేక ఊరి బోరింగు దగ్గరికి బిందె తీసుకెళ్లింది. కొట్టారు. కేసు పెట్టాక ఊళ్లో ఎవరూ కూలికి పిలవలేదు. రాజీ పడమని మొగుడి మీద ఒత్తిడి తెస్తే అతను ఆమెనే వదిలేశాడు. ఆ చట్టం నియమాల ప్రకారం 60 రోజుల్లో దర్యాప్తు ముగించి అభియోగపత్రం వేయాలి. ఏడు నెలలు దాటినా వేయలేదు. పోలీసుల పంచనామాలో ఆ బోరింగు ఎక్కడుందో, వాడ నుంచి ఎంత దూరమో సరిగా లేదని వకీలు అంటున్నాడట. "నేను గీసిన కాయిదం ఉండె గద మేడం, మీతాన. గండ్ల అంత గీసిన. ఇల్లు, బోరింగు, నడుమ తొవ్వ. గది ఇయ్యుండ్రి" అని అడిగింది.

నిలువు గీత బోరింగు. ఏటవాలు గీత దాని చేయి. ఖాళీగా వదిలిన జాగా అంతా ఊరు. మూలన ఉన్నది వాడ. ఆమె ఇల్లు గీయమంటే నేరం జరిగిన చోటు గీసి మన చేతుల్లో పెట్టింది. మేం దాన్ని న్యూనతాభావం అన్నాం. మా చికిత్స ఏం చేసిందంటే, వాడను కాగితం మీద ఊరి నడుమకు తరలించింది. నా నివేదికలో అంచుల కత్తిరింపుకు ఇల్లూ బోరింగూ నడుమ ఉన్న దారి సగం పోయింది.

ఈ గైడులకు వెనక ఒక చరిత్ర ఉంది. ఇల్లు, చెట్టు, మనిషి పరీక్షను 1948లో జాన్ బక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు. మనిషి బొమ్మ నుంచి వ్యక్తిత్వాన్ని చదవవచ్చని 1949లో కారెన్ మకోవర్ పుస్తకం రాసింది. చేతులు లేకపోతే నిస్సహాయత, కళ్లు పెద్దవైతే అనుమానం, ఇట్లా. ఈ గుర్తుల మీద దశాబ్దాల పాటు పరిశోధనలు జరిగాయి. వాటన్నిటినీ 2000లో లిలియన్‌ఫెల్డ్, వుడ్, గార్బ్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు సమీక్షించి, బొమ్మలోని విడివిడి గుర్తులను బట్టి వ్యక్తిత్వాన్ని నిర్ణయించడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని చెప్పారు. అక్కడ ప్రశ్నార్థకమైపోయిన పద్ధతి మన జిల్లా కేంద్రాల్లో రెండు వారాల శిక్షణగా, ఒక సర్టిఫికెట్‌గా, జిరాక్సు గైడుగా చెలామణీ అవుతోంది. బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్టు అని పేరు పెట్టుకోవాలంటే చట్టప్రకారం నమోదు కావాలి. మన దగ్గర రంగుల డబ్బా ఉంటే చాలు.

ఇంకో విషయం. ఈ రంగానికి మూలపురుషులుగా చెప్పుకునేవాళ్లు బొమ్మలను ఇట్లా చదవమనలేదు. ఆర్ట్ థెరపీ అనే మాటను 1942లో వాడుకలోకి తెచ్చిన ఏడ్రియన్ హిల్ స్వయంగా చిత్రకారుడు, క్షయరోగిగా శానటోరియంలో మంచం మీద ఉండి బొమ్మలు గీసుకున్నవాడు. అమెరికాలో ఈ రంగానికి పునాది వేసిన మార్గరెట్ నౌంబర్గ్ అయితే బొమ్మకు అర్థం చెప్పాల్సింది గీసిన మనిషే తప్ప వైద్యుడు కాదని పట్టుబట్టింది. (మూలపురుషుల్లో స్త్రీలు కూడా ఉన్నప్పుడు ఏమనాలో మన భాషలో ఇంకా తేలలేదు.) అంటే నేను అడుగుతున్నది ఆ శాస్త్రానికి పరాయిది కాదు. మనం దిగుమతి చేసుకునేటప్పుడు రేవులో వదిలేసి వచ్చిన భాగం అది.

అదే గృహంలో ఒకామె ఇల్లు గీసి ముందు వాకిలి గీసి, వాకిట్లో ఏమీ పెట్టకుండా వదిలేసింది. 'శూన్యత' అని నోటుపుస్తకంలోకి ఎక్కింది. కానీ ఆ కాగితం చేతులు మారుతూ పోతుంటే గదిలో మాటలు ఆగిపోయాయి. చివరకు ఒక ముసలామె లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ముగ్గు లేని వాకిలి అంటే ఏమిటో అక్కడున్న ఆడవాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరు. ఆమె కొడుకు పోయి మూడు నెలలైంది. ఆశ్రయ గృహం ఫైల్లో ఆ సంగతి లేదు. ఇంకొకామె, ముస్లిం, మనుషుల్ని గీసేది కానీ కళ్లూ ముక్కూ పెట్టేది కాదు. 'అస్తిత్వాన్ని కోల్పోవడం' అని రాశారు. అడిగితే "సూరత్ నై బనాతే మేడం, గునా హోతా" అంది. ముఖం గీయడం పాపమని ఆమె ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పిన మాట. అలాగని ముస్లింలంతా ఇంతే అని కొత్త గైడు రాసుకోకండి. అదే గదిలో ఇంకో ముస్లిం అమ్మాయి సినిమా హీరోల్ని కనుబొమల్తో సహా గీసేది.

లంబాడీ స్త్రీలిద్దరు పెన్సిలు ముట్టుకోలేదు. సూదీ దారం ఇవ్వమన్నారు. కుట్టుపని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, అది ఆదాయ కార్యక్రమం కిందికి వస్తుంది, ఇది థెరపీ అని నిర్వాహకులు చెప్పారు. రెండింటికీ నిధులిచ్చే సంస్థలు వేరు. ఆ ఇద్దరూ తండాలో ఎనిమిదేళ్ల వయసు నుంచి అద్దాలు కుడుతూ, కుడుతూ పాడుతూ, పాడుతూ ఏడుస్తూ పెరిగినవాళ్లు. రెండు గంటలకు కుడితే బుట్టెడు సంచులు, నాలుగు గంటలకు కుడితే స్వస్థత అన్నమాట. చివరికి నాలుగు గంటలప్పుడు వాళ్లు మౌనంగా కూర్చునేవారు. 'సహకారం తక్కువ' అని ఉంది నా నివేదికలో. ఆ వాక్యం కూడా నాదే.

నిధులిచ్చే సంస్థల సంగతి ఎత్తాను కాబట్టి చెప్తాను. వాళ్లకు మార్పు కనపడాలి. రేషన్ కార్డు కోసం తిరిగిన తిరుగుడు ఫోటోకు దొరకదు. చార్జిషీటు కోసం పోలీస్ స్టేషన్ ముందు కూర్చోవడం దొరుకుతుంది గానీ అది వాళ్లకు ఇష్టముండదు. నలుపు రంగు బొమ్మ పక్కన పసుపు రంగు బొమ్మ పెడితే ఒక్క చూపులో అర్థమవుతుంది. ఆ స్త్రీలు మనకంటే తెలివైనవాళ్లు, ఈ సంగతి రెండో నెలకే కనిపెట్టారు. కొత్తగా వచ్చిన పిల్లకు ఒకామె చెప్తుండగా విన్నాను: "ఆఖరి దినం పొద్దు పొడిచినట్టు గియ్యాలె. గీస్తె మేడం ఖుషయితది." ఎవరు ఎవరికి చికిత్స చేస్తున్నారు? మన సంతోషం కోసం వాళ్లు చేసే చాకిరీల జాబితాలో మనం ఇంకొకటి చేర్చాం.

ఇక రెండోవైపు మన ఉద్యమ మిత్రులు. తిండికి లేనివాళ్లకు రంగులేమిటి, భూమి అడగండి, వేతనాలు అడగండి అంటారు. ఈ వెక్కిరింపును కూడా నేను ఒప్పుకోను. పేదవాళ్లకు ఆకలి ఉంటుంది గానీ మనసు ఉండదనే నమ్మకం దొరలది, మనది కాకూడదు. 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక రుగ్మతలున్న వాళ్లలో, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో కాలిపోయారు. మనసు సంగతి తర్వాత చూద్దామంటే ఎవరికి ఏమవుతుందో ఇంకా చెప్పాలా? కొడుకు పోయిన ఆ తల్లి పక్కన ముసలామె వెళ్లి కూర్చుందే, అది ఆ కాగితం లేకపోతే జరిగేది కాదు. కాగితం ఉండాలి, ఆ గదీ, ఆ గంటా ఉండాలి. గైడు పోవాలి. ఆ గదిలో చదవగలిగినవాళ్లు ఉన్నారు, వాళ్లను అడగాలి.

అడగడమంటే ఏమిటో ప్రపంచంలో మనకు ఉదాహరణలు లేకపోలేదు. నాజీలు యూదుల్ని నిర్బంధించిన టెరెజిన్‌లో ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పింది. ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత పేరు రాయించేది. మనుషుల్ని నంబర్లుగా మార్చే చోట పేరు రాయించడం చిన్న పని కాదు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ పంపి చంపేశారు. వెళ్లే ముందు ఆమె రెండు పెట్టెల్లో దాచిన బొమ్మలు మిగిలాయి. టెరెజిన్ పిల్లల బొమ్మలు దాదాపు 4,500 ఈనాటికీ ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆమె దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రామర్ తర్వాత అమెరికాలో ఆర్ట్ థెరపీకి ముఖ్యురాలైంది.

చిలీలో కథ దీనికి తలకిందులు. 1973లో పినోచె సైనిక కుట్ర తర్వాత మాయమైపోయిన వాళ్ల తల్లులూ భార్యలూ గోనెపట్టా మీద పాతగుడ్డ పేలికలు కుట్టి తమకు జరిగిందంతా చెప్పారు. ఖాళీ కుర్చీ, జైలు గోడ, నీళ్లు రాని కుళాయి. వీటిని అర్పియెరాలంటారు. శాంటియాగోలో చర్చి ఆధ్వర్యాన నడిచిన సంఘీభావ సంస్థ వాటిని దొంగచాటుగా విదేశాలకు పంపి అమ్మేది, డబ్బు కుట్టినవాళ్లకు చేరేది. వాటి మీద పేర్లుండవు. పేరుంటే ప్రాణం పోతుంది. ఎవరూ దాన్ని థెరపీ అనలేదు. ఒక గదిలో కలిసి కూర్చుని కుడుతుంటే కాస్త ఊపిరాడేదని ఆ స్త్రీలే చెప్పుకున్నారు.

ఒకచోట పేరు రాయడం గౌరవం, ఇంకోచోట దాచడం రక్షణ. మన సంస్థల్లో ఈ ప్రశ్న గీసినామె దాకా రానే రాదు. చేరేటప్పుడే ఒక ఫారం మీద వేలిముద్ర తీసుకుంటాం. అందులో పదో పన్నెండో అంశంగా 'ఫోటోలు, చిత్రాలు సంస్థ అవసరాలకు వాడుకోవడానికి సమ్మతి' అని ఉంటుంది. ఆ రాత్రి తల దాచుకోవడానికి చోటు కావాల్సిన మనిషి దేనిమీదైనా వేలిముద్ర వేస్తుంది. దాన్ని సమ్మతి అందామా? సాయంత్రానికి ఆ బొమ్మ వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది, ఏడాది చివర కాలెండరు మీద ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షను, చికిత్సలో ఉన్న మనిషి ఫోటోగానీ ఇతర సమాచారంగానీ ఆమె అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదంటోంది. కానీ ఆ రక్షణ మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవాళ్లకు. మేం ఆస్పత్రి కాదు కదా అంటాయి సంస్థలు. నిధులు అడిగేటప్పుడు అది థెరపీ, చట్టం గుర్తు చేస్తే అది బొమ్మలు వేసుకోవడం.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తాము చెప్పుకున్నదే చరిత్రగా నిలబెట్టారు. ఆ పుస్తకం చదివి ఈ దారిలోకి వచ్చినవాళ్లం మనలో ఎందరమో ఉన్నాం. చెప్పే మాట విషయంలో నేర్చుకున్నది గీసే గీత దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ పారేసుకున్నాం? నాకు తోచిన కారణం ఒకటే. మాట వింటే మనం ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. బోరింగు అని విని ఉంటే ఎస్పీ ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చేది. నిలువు గీత అనుకున్నాం కాబట్టి ఇంకో ఆరు వారాలు రంగులు వేయించాం.

కాబట్టి నేను అడిగేది చాలా మామూలు సంగతి. ఏ గీసిన కాగితమైనా ఆ పూటే గీసినామె చేతికి తిరిగి వెళ్లాలి. దాచిపెట్టమని ఆమె అడిగితే దాచాలి, అడిగినప్పుడు ఇచ్చేయాలి. అచ్చు వేయాలనుకుంటే అచ్చయ్యే పేజీని ఆమెకు చూపించి, ఆమె ఆశ్రయ గృహం వదిలి సొంత కాళ్ల మీద నిలబడ్డాక మళ్లీ అడగాలి. మూల్యాంకనం చేసే నాలాంటి వాళ్లు ముందు-తర్వాత బొమ్మలు కోరడం మానాలి. ఆ ఆరు నెలల్లో ఎన్ని కేసులు కదిలాయి, ఎందరికి కార్డులొచ్చాయి, ఎందరు రాత్రిళ్లు నిద్రపోతున్నారు అని అడగాలి. అట్లాంటి నివేదికకు డబ్బులెవరిస్తారని నిర్వాహకులు నన్ను అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆమె అడిగిన కాగితం నా దగ్గర లేదు. నా దగ్గరున్నది అంచులు కత్తిరించిన అచ్చు మాత్రమే. అసలు కాగితం ఆ సంస్థ ఆఫీసు బీరువాలో ఉంది, ఒక ప్లాస్టిక్ కవరులో, 'లబ్ధిదారు 14' అని రాసి. కోర్టులో అది పనికొస్తుందో లేదో వకీలు చూసుకుంటాడు, అది మనం తేల్చేది కాదు. కాగితం ఆమెది. ఇవ్వమని రెండు ఉత్తరాలు రాశాను. కార్యక్రమానికి సంబంధించిన పత్రాలను బయటివారికి ఇవ్వడం తమ విధానానికి విరుద్ధమని మొదటిదానికి జవాబు వచ్చింది. రెండోదానికి రాలేదు. ఈ వ్యాసం ప్రతిని జతచేసి, ఆమె సంతకంతో, మూడోది ఈ వారమే పంపుతున్నాం.